ఊళ్ల మధ్య రెండు డివిజన్ల ఫుట్‌బాల్ లీగు పెట్టుకోవడం ఎలా

మా వైపు ఫుట్‌బాల్ అంటే టోర్నమెంటే. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ చుట్టుపక్కల వానలు పడ్డ దగ్గర్నుంచి ఏదో ఒక ఊళ్లో మైకు మోగుతూనే ఉంటుంది. మొదటి బహుమతి మేకపోతు, రెండోది కొంత నగదు. పదహారు టీములు వస్తే మొదటి విడత ఆటలు అయ్యేసరికి ఎనిమిది ఇంటిదారి పడతాయి. అలా వెళ్లిపోయేవాటిలో ఎక్కువగా కొండ మీది సవర గిరిజనుల ఊళ్ల టీములే ఉంటాయి. తెల్లారకముందే లేచి, ఆటో మాట్లాడుకుని, ఒక్క ఆట ఆడి, పెనాల్టీల్లో ఓడిపోయి వెళ్తారు. మళ్లీ ఇంకో ఊరు పిలిచేదాకా వాళ్లకు ఆట లేదు.

లీగు, అంటే ఓడినా ఇంటికి పోకుండా అందరూ అందరితో ఆడే పద్ధతి, పెడితే ఆ టీముకు పది ఆటలు దొరుకుతాయి. ఎక్కడం, దిగడం కూడా, అంటే కింది డివిజన్‌లో ముందున్నవాళ్లు పైకి, పై డివిజన్‌లో వెనకబడ్డవాళ్లు కిందికి మారడం కూడా పెడితే పదో ఆట కూడా మొదటి ఆటంత గట్టిగా ఆడతారు. పైనున్న టీముకు కప్పు కావాలి, కిందున్న టీముకు పరువు దక్కాలి, మధ్యలో ఉన్నవాళ్లకు రెండు వైపులా భయమే. జనవరి ఆఖరు దాకా ఎవరూ ఊరికే ఆడరు.

నాది కాశీనగర్‌లో జెరాక్స్ షాపు. మా పన్నెండు టీముల లీగుకు రిజిస్టరు రాసేదీ, సోమవారం పొద్దున్నే పాయింట్ల పట్టిక షాపు గోడకు అంటించేదీ నేనే. మా దగ్గర నడుస్తున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. పాతపట్నం వైపు వాళ్లయినా, రాయగడ వైపు వాళ్లయినా మీ ఊళ్లకు తగ్గట్టు మార్చుకోండి.

పన్నెండు టీములు చాలు. పై డివిజన్‌లో ఆరు, కింది డివిజన్‌లో ఆరు. ఒక్కో టీము తక్కిన అయిదింటితో రెండేసిసార్లు ఆడుతుంది. అంటే పది రౌండ్లు, డివిజన్‌కు 30 ఆటలు. ఎనిమిదేసి టీములు పెట్టుకుంటే 14 రౌండ్లు, 56 ఆటలు అవుతాయి. వానలు, కోతలు, పండగలు పోగా మనకు అన్ని ఆదివారాలు మిగలవు. ఇంగ్లండులో రెండో మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా డివిజన్‌కు 24 టీములు ఉంటాయి, ఒక్కోటీ 46 ఆటలు ఆడుతుంది. వాళ్లకు ఫ్లడ్‌లైట్లున్నాయి, వారం మధ్యలో రాత్రిపూట కూడా ఆడతారు. మనకున్నది ఆదివారం ఒక్కటే.

మొదటి ఏడాది ఏ టీమును ఏ డివిజన్‌లో పెట్టాలన్నది కమిటీ కూర్చుని తేల్చకూడదు. అలా తేలిస్తే టౌను టీములన్నీ పైన, కొండ టీములన్నీ కింద పడతాయి. మొదటి ఏడాది పన్నెండు టీములనూ చీటీలు వేసి రెండు గ్రూపులు చేయండి. ఒక్కోసారే ఆడించండి, అయిదు ఆదివారాల్లో అయిపోతుంది. ప్రతి గ్రూపులో మొదటి మూడు టీములూ పై డివిజన్, తక్కినవి కింది డివిజన్. అప్పుడు ఎవరి చోటు వాళ్లు ఆడి తెచ్చుకున్నదే అవుతుంది.

ఎక్కే దారి నిజంగా తెరిచి ఉండాలి. ఇందులో మాత్రం నేను ఎవరి మాటా వినను. ‘పై డివిజన్‌లో బయటి ఊళ్ల టీములు ఇన్నే ఉండాలి’ లాంటి షరతు ఎవరైనా తెస్తే అక్కడే కాదనండి. బ్రిటిష్ కాలంలో కలకత్తా లీగు మొదటి డివిజన్‌లో భారతీయ జట్లు రెండుకు మించకూడదని కట్టడి ఉండేది. ఆ కట్టడి సడలాకే 1925లో ఈస్ట్ బెంగాల్ మొదటి డివిజన్‌లో ఆడగలిగింది. తర్వాత మహమ్మడన్ స్పోర్టింగ్ రెండో డివిజన్ నుంచి పైకి వచ్చింది. వచ్చిన మొదటి సీజన్‌లోనే, 1934లో, లీగు గెలిచింది. 1938 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. తలుపు వేసే ఉంచితే ఆ అయిదు కప్పులూ లేవు. కింది డివిజన్ కెప్టెన్లకు నేను ప్రతి ఏడూ ఈ సంగతి చెబుతాను.

ఎందరు ఎక్కాలి, ఎందరు దిగాలి? ఆరు టీముల డివిజన్‌లో నేరుగా ఒకటి ఎక్కి, ఒకటి దిగితే సరిపోతుంది. దాంతోపాటు పై డివిజన్‌లో అయిదోది, కింది డివిజన్‌లో రెండోది ఒక్క ఆట ఆడాలి, దీన్నే ప్లే-ఆఫ్ అంటాం. గెలిచినవాళ్లు వచ్చే ఏడు పైన ఉంటారు. జర్మనీలో కూడా పై లీగు 16వ జట్టుకూ కింది లీగు మూడో జట్టుకూ ఇలాంటి పోటీ పెడతారు, కాకపోతే అక్కడ రెండు ఆటలు. దీనివల్ల కింది డివిజన్‌లో రెండో స్థానానికి, పైన అయిదో స్థానానికి విలువ వస్తుంది. నేరుగా ఇద్దరిని దించితే ఆరింటిలో మూడో వంతు ప్రతి ఏడూ మారిపోతుంది. కుర్రాళ్లు టీముగా కుదురుకునే లోపే దిగిపోతారు.

ఇక క్యాలెండరు. లీగు నిలబడేదీ, కూలిపోయేదీ ఇక్కడే. వరి నాట్లు ఆగస్టుకు అయిపోతాయి. సెప్టెంబరులో మొదలుపెట్టి దసరా లోపు అయిదు రౌండ్లు ముగించాలి. అప్పటికి ప్రతి టీమూ అందరితో ఒకసారి ఆడేసి ఉంటుంది. దీపావళి తర్వాత, కోతలకు ముందు రెండు రౌండ్లు. నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా ఆట పెట్టకండి, పెట్టినా ఎవరూ రారు. తర్వాత మూడు రౌండ్లు మిగులుతాయి. క్రిస్మస్ వారం సవర ఊళ్లకు వదిలేయాలి, సంక్రాంతి వారం అందరికీ వదిలేయాలి. ఆఖరి రౌండు జనవరి చివర్లో పడుతుంది. ఫిబ్రవరి వచ్చిందంటే ఒడిశా బోర్డు పరీక్షలు, ఆ వెనకే మార్చిలో ఆంధ్రా బోర్డు పరీక్షలు. చదువుకునే కుర్రాళ్లు దొరకరు. కోతలు అయ్యాక కేరళకో చెన్నైకో పనికి వెళ్లే కుర్రాళ్లకు ఈ తేదీలు ముందే చెప్పాలి. అప్పుడే వాళ్లు ఉండాలో వెళ్లాలో తేల్చుకుంటారు.

అక్టోబరులో ఒక ఆదివారం ఖాళీగా ఉంచండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను చిన్నాభిన్నం చేసింది. అలాంటిదే మళ్లీ వస్తే లీగు మధ్యలో ఆగిపోవచ్చు. ఆగితే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి. మేం రాసుకున్నది ఇది: సగం రౌండ్లు కూడా కాకుండా ఆగితే ఆ ఏడు ఎవరూ ఎక్కరు, దిగరు. సగం దాటి ఆగితే ఒక్కో టీము పాయింట్లను అది ఆడిన ఆటలతో భాగించి వరస వేస్తాం. 2020లో కరోనా వల్ల ఇంగ్లండు మూడో మెట్టు లీగు ఆగిపోయినప్పుడు ఇదే చేశారు. వైకోంబ్ అనే జట్టు ఎనిమిదో స్థానంలో ఉండేది. ఒక ఆట తక్కువ ఆడి ఉంది కాబట్టి సగటు కట్టేసరికి మూడో స్థానానికి వచ్చింది. తర్వాత ప్లే-ఆఫ్‌లు గెలిచి పైకి ఎక్కింది. అదే లెక్కలో కిందికి జారినవాళ్లకు కడుపు మండింది. మన దగ్గర తుపాను వచ్చాక కూర్చుని ఇలాంటి లెక్క తేల్చుకుందామంటే ఊళ్ల మధ్య కొట్లాటే మిగులుతుంది. రూలు సెప్టెంబరులోనే ఉండాలి, పన్నెండుగురు కెప్టెన్ల సంతకాలూ దాని కింద ఉండాలి.

ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలన్న జాబితాకు కంప్యూటరు అక్కర్లేదు. టీములకు 1 నుంచి 6 దాకా చీటీలతో నంబర్లు ఇవ్వండి. 1ని కదపకుండా తక్కినవాటిని గుండ్రంగా తిప్పుతూ పోవాలి. ఇలా వస్తుంది:

మొదటి రౌండు: 1–6, 2–5, 3–4
రెండో రౌండు: 1–5, 6–4, 2–3
మూడో రౌండు: 1–4, 5–3, 6–2
నాలుగో రౌండు: 1–3, 4–2, 5–6
అయిదో రౌండు: 1–2, 3–6, 4–5

ఆరు నుంచి పది దాకా ఇదే వరస. ఇది కాగితం మీద ఒక్కసారి రాసి చూడండి, మొదటి అయిదు రౌండ్లలో ఎవరూ ఎవరితోనూ రెండుసార్లు తగలరు.

పై డివిజన్ ఆటలు టౌను హైస్కూలు గ్రౌండులో, కింది డివిజన్ ఆటలు కొండ వైపు ఊరి గ్రౌండులో పెడితే కొండ టీములకు ఆటో ఖర్చు తగ్గుతుంది. అక్కడి నుంచి టీము ఎక్కితే మాత్రం ప్రతి ఆదివారం టౌనుకు రావాలి. ఆ ఆటో ఖర్చులో సగం లీగే పెట్టుకోవాలి. ఎక్కినందుకు జేబు ఖాళీ అయితే వచ్చే ఏడు ఎవరూ ఎక్కాలనుకోరు. మా దగ్గర ఒక టీము కెప్టెను నిజంగానే అన్నాడు, "గెలిస్తే ఆటోకే అయిపోద్ది బాబాయ్, రెండో ప్లేసే బాగుంది మాకు" అని. ఆ మాట విన్న తర్వాతే ఈ రూలు పెట్టాం.

ఒక గ్రౌండులో ఆదివారం మూడు ఆటలు పడతాయి. సగానికి 35 నిమిషాలు, మధ్యలో పది. పొద్దున 7.30కి ఒకటి, మధ్యాహ్నం 2 గంటలకు ఒకటి, 3.30కి ఒకటి. డిసెంబరులో అయిదు దాటితే బంతి కనపడదు, అందుకే మూడో ఆటను ఒక్క నిమిషం కూడా జరగనివ్వకండి. ఆదివారం పొద్దున ప్రార్థనకు వెళ్లే ఊళ్ల టీములకు 7.30 ఆట వేయకూడదు. ఆ టీములు రెండుకు మించి ఉంటే పొద్దుటి ఆట ఎవరికి వేయాలో ముందే చూసుకుని జాబితా రాయండి.

గోల్ పోస్టు లోపలి వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. వెదురుతో కట్టినా ఈ కొలత తప్పకూడదు. మూడు గ్రౌండ్లకూ మూడు రకాల పోస్టులుంటే గోల్స్ లెక్కకు అర్థం ఉండదు. పెనాల్టీ చుక్క 11 మీటర్లు. గుర్తులు పెట్టిన తాడు ఒకటి చేసుకుని లీగు సంచిలోనే ఉంచండి, అది పట్టుకుని ఎవరైనా అరగంటలో సున్నం గీతలు గీసేయగలరు. బంతి 5వ సైజు, బరువు 410 నుంచి 450 గ్రాముల మధ్య ఉండాలి. వానలో నీళ్లు తాగి బరువెక్కే చవక బంతులు కొనకండి. ప్రతి గ్రౌండుకూ రెండు మంచి బంతులు, ఒక పంపు, రెండు సూదులు ఉండాలి. ముందు పోయేది సూదే.

రెఫరీ ఆ రోజు ఆడుతున్న ఏ ఊరివాడూ కాకూడదు. దీనికి సులువైన దారి ఒకటుంది. పై డివిజన్ ఆటలకు కింది డివిజన్ ఊళ్ల పెద్దవాళ్లు, కింది డివిజన్ ఆటలకు పై డివిజన్ ఊళ్లవాళ్లు. ఆఖరి రౌండుకూ ప్లే-ఆఫ్‌కూ మాత్రం ఈ రెండు డివిజన్లతోనూ సంబంధం లేని బయటి రెఫరీలను, డబ్బులిచ్చి, రానూపోనూ ఛార్జీలిచ్చి తెచ్చుకోండి. మాకు గుణుపూర్ రైలు ఉంది కాబట్టి టెక్కలి వైపు నుంచి వచ్చేవాళ్లు దొరుకుతారు.

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం, ప్లేయర్ల లిస్టు. ఒక్కో టీముకు 18 పేర్లు, ఫొటో, ఆధార్ కాపీ. ఒక ఏడాదిలో ఒకరు ఒక టీముకే ఆడాలి. సెప్టెంబరులో ఇచ్చిన లిస్టులో కొత్త పేర్లు చేర్చడానికి ఏడో రౌండు దాకా, అంటే కోతల ముందు దాకా గడువు. ఆ తర్వాత తలుపు మూసేయాలి. ఎందుకంటే సంక్రాంతికి బయటి పనుల నుంచి అందరూ ఇళ్లకు వస్తారు. చెన్నైలో కంపెనీ టీముకు ఆడేవాడు ఒకడు, బెంగళూరులో ఏదో క్లబ్బులో ఆడేవాడు ఒకడు. ఆఖరి స్థానంలో ఉన్న టీము వాళ్లిద్దరినీ దించిందంటే, సెప్టెంబరు నుంచి బురదలో ఆడిన అవతలి కుర్రాళ్ల కష్టం ఒక్క పూటలో పోతుంది. పేరు లిస్టులో ఉంటే సరిపోదు. ఆఖరి మూడు రౌండ్లలో, ప్లే-ఆఫ్‌లో ఆడాలంటే మొదటి ఏడు రౌండ్లలో కనీసం రెండు ఆటలు ఆడి ఉండాలి. ఈ రూలు వల్ల పండక్కి వచ్చిన కుర్రాళ్లు చిన్నబుచ్చుకుంటారు. సొంత ఊరి జెర్సీ వేసుకోవాలని ఏడాదంతా ఎదురుచూసినవాళ్లు వాళ్లు. అందుకని కనుమనాడు వాళ్లకోసం ఒక స్నేహపు ఆట పెట్టండి, ఉన్నవాళ్లు, వచ్చినవాళ్లు కలిసి ఆడేది. మా దగ్గర లీగు ఆఖరి రోజు కంటే దానికే జనం ఎక్కువ వస్తారు.

లిస్టులో లేనివాణ్ని ఆడిస్తే ఆ ఆట 3–0తో ఓడినట్టు. ఫిర్యాదు ఆట అయిన 48 గంటల్లోగా, కాగితం మీద రావాలి, తీర్పు తర్వాతి ఆదివారం లోపు రావాలి. ఈ గడువుల విషయంలో మెతకగా ఉండకండి. 2024–25లో మన దేశపు రెండో మెట్టు లీగయిన ఐ-లీగ్‌లో నామ్‌ధారీ జట్టు అర్హత లేని ఆటగాణ్ని ఆడించిందని ఇంటర్ కాశీ ఫిర్యాదు చేసింది. ఒక కమిటీ ఒకలా, ఇంకో కమిటీ ఇంకోలా తేల్చాయి. లీగు ఏప్రిల్‌లో ముగిసింది, కప్పు చర్చిల్ బ్రదర్స్ చేతికి వెళ్లింది. చివరికి స్విట్జర్లాండులోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు జూలైలో ఇంటర్ కాశీయే విజేత అని చెప్పింది. మూడు నెలలు ఎవరు ఎక్కారో తెలియకుండా ఒక దేశపు లీగు గడిచింది. మన ఊళ్లలో మూడు రోజులు అలా గడిచినా మాటలు పెరుగుతాయి.

ఆటకు ఏడుగురి కంటే తక్కువ మంది వస్తే ఆట లేదు, ఇది ఆట నియమాల్లోనే ఉంది. పదిహేను నిమిషాలు చూడండి, రాకపోతే అవతలివాళ్లకు 3–0. ప్రవేశ రుసుముతో పాటు 500 రూపాయల డిపాజిట్ కట్టించుకుని, పది ఆటలకూ వచ్చిన టీముకు ఆఖరి రోజు తిరిగి ఇచ్చేయండి. ఆటకు రాని టీములు ఈ డిపాజిట్ వల్లే బాగా తగ్గాయి. మధ్యలో టీము మొత్తం మానేస్తే? అయిదు రౌండ్ల లోపయితే దాని ఫలితాలన్నీ కొట్టేయండి, తర్వాతయితే మిగిలిన ఆటలన్నీ అవతలివాళ్లకు ఇవ్వండి. రెండింటిలోనూ ఆ టీమే ఆఖరి స్థానం, అదే దిగుతుంది. ఇంకొకరిని దించనక్కర్లేదు. 2019 ఆగస్టులో ఇంగ్లండులో బరీ అనే పాత క్లబ్బును లీగు నుంచి తీసేసినప్పుడు ఆ డివిజన్‌లో దిగేవాళ్లను నాలుగు నుంచి మూడుకు తగ్గించారు, అదీ ఈ ధర్మమే.

గెలిస్తే మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి. 1981 దాకా ఇంగ్లండులో గెలుపుకు రెండే ఇచ్చేవారు. మూడు చేస్తే జట్లు డ్రాతో సరిపెట్టుకోకుండా గెలవడానికే ఆడతాయని మార్చారు. మన దగ్గర కూడా అంతే.

పాయింట్లు సమానమైతే ఎవరు పైన? దీని మీద ఎక్కువ సేపు ఆలోచించండి, ఎవరు దిగాలన్నది చాలాసార్లు దీంతోనే తేలుతుంది. 1997 మే 3న ఇంగ్లండు నాలుగో మెట్టులో హెరిఫర్డ్, బ్రైటన్ ఆఖరి రోజు ఎదురుబదురుగా ఆడి 1–1 డ్రా చేసుకున్నాయి. ఇద్దరికీ 47 పాయింట్లే. గోల్స్ తేడా చూస్తే హెరిఫర్డ్ మెరుగు. కానీ అప్పటి రూలు ప్రకారం ముందు చూసేది ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారని. బ్రైటన్ ఎక్కువ కొట్టింది. హెరిఫర్డ్ లీగు నుంచే దిగిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే బ్రైటన్ అన్నిటికంటే పై మెట్టయిన ప్రీమియర్ లీగుకు చేరింది.

నేను చెప్పేదేమంటే, ఆరు టీముల లీగులో ముందు ఆ రెండు టీములూ ఒకదానితో ఒకటి ఆడిన రెండు ఆటలు చూడండి. అందులో పాయింట్లు సమానమైతే వాటిలోని గోల్స్, అదీ సమానమైతే మొత్తం గోల్స్ తేడా, ఆ తర్వాత కొట్టిన గోల్స్. మొత్తం తేడాను ముందు పెడితే చిక్కు ఉంది. కోతల ముందు ఎవరో తొమ్మిదిమందితో వచ్చి 9–0తో ఓడతారు. ఆ ఒక్క పూట ఆటే సంబంధం లేని ఇంకో టీమును దించేస్తుంది. ఒక లెక్క చూడండి. అయిదో టీము మూడు గెలిచి, రెండు డ్రా చేసి, అయిదు ఓడింది: 11 పాయింట్లు, 12 కొట్టింది, 17 ఇచ్చింది, తేడా మైనస్ 5. ఆరో టీముదీ అదే మూడు, రెండు, అయిదు: 11 పాయింట్లు, 9 కొట్టింది, 14 ఇచ్చింది, తేడా మళ్లీ మైనస్ 5. గోల్స్ లెక్కన ఆరోది దిగాలి. కానీ ఆ రెండింటి మధ్య ఆటల్లో ఆరో టీము ఒకటి గెలిచి, ఒకటి డ్రా చేసుకుని ఉంటే, మా రూలు ప్రకారం అదే ఉంటుంది. ఎదురుగా నిలబడి ఎవరిని ఓడించారో వాళ్లకంటే పైన ఉండడం ఏ ఊరివాళ్లకైనా సమ్మతమే.

పట్టిక ఎలా వేయాలో కూడా చెబుతాను. గ్రౌండు వదలకముందే స్కోరు కాగితం మీద ఇద్దరు కెప్టెన్లు, రెఫరీ సంతకాలు పెట్టాలి. పట్టికలో ఆడినవి, గెలుపు, డ్రా, ఓటమి, కొట్టినవి, ఇచ్చినవి, తేడా, పాయింట్లు. అంటించే ముందు మూడు కూడికలు చేయండి. డివిజన్ మొత్తం గెలుపులూ ఓటములూ సమానం కావాలి. కొట్టిన గోల్స్ మొత్తం, ఇచ్చిన గోల్స్ మొత్తం ఒకటే కావాలి. తేడాలన్నీ కూడితే సున్నా రావాలి. ఏ ఒక్కటి తప్పినా ఎక్కడో అంకె తారుమారయినట్టే. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి అంటించండి. సోమవారం పొద్దున షాపు తలుపు తీసేసరికే ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. తన ఊరి పేరు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి పక్కకు జరుపుకుంటూ పాయింట్ల దాకా వెళ్లి, మళ్లీ పై ఊరి వరసలోకి ఎక్కి, ఎన్ని తక్కువో పెదాలతో లెక్కపెట్టుకునే కుర్రాణ్ని చూస్తే ఆదివారం ఎండలో నిలబడ్డ అలసట ఉండదు.

ఆఖరి రౌండు. డివిజన్‌లోని మూడు ఆటలూ ఒకే నిమిషంలో మొదలు కావాలి. దీనికి మూడు గ్రౌండ్లు కావాలి, ఎంత కష్టమైనా సంపాదించండి. 1982 ప్రపంచ కప్‌లో అల్జీరియా గ్రూపులో తన ఆఖరి ఆట ముందు రోజే ఆడేసింది. ఏ స్కోరు వస్తే ఇద్దరూ ముందుకు వెళ్తారో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియాలకు తెలుసు. జర్మనీ 1–0 అయ్యాక ఇద్దరూ బంతిని అటూ ఇటూ తోసుకుంటూ గడిపేశారు, అల్జీరియా ఇంటికెళ్లిపోయింది. ఆ తర్వాతే ఆఖరి గ్రూపు ఆటలు ఒకే వేళకు పెట్టడం మొదలైంది. అంతకు ముందు 1898లోనూ ఇంతే. అప్పుడు ఇంగ్లండులో ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో నాలుగు జట్ల చిన్న లీగుతో తేల్చేవారు. డ్రా అయితే ఇద్దరికీ పై డివిజన్ దక్కుతుందని తెలిసి స్టోక్, బర్న్‌లీ గోల్ కొట్టే ప్రయత్నమే చేయకుండా 0–0 ఆడాయి. ఆ పద్ధతినే ఎత్తేసి, పాయింట్ల పట్టిక ప్రకారం నేరుగా ఎక్కడం, దిగడం పెట్టారు. అందుకే ప్లే-ఆఫ్ అంటే ఇద్దరి మధ్య ఒక్క ఆట, ఒకరు గెలిచి తీరాలి.

మూడో గ్రౌండుకు మేం కోసిన వరి మడి వాడతాం. కోత అవుతుండగానే రైతుతో మాట్లాడుకోండి, లేకపోతే మినుములో పెసలో చల్లేస్తారు. కొయ్యకాళ్లు నేలకు చదునుగా కోయించి, నీళ్లు చల్లి, రోలరు తోలించాలి. ఉత్త కాళ్లతో ఆడే కుర్రాళ్లు ఇంకా ఉన్నారు, కొయ్యకాలు గుచ్చుకుంటే నెల రోజులు నడవలేరు. ఆడే ముందు ఇద్దరు ముగ్గురు చెప్పులు లేకుండా మడంతా నడిచి చూడాలి. మూడు గ్రౌండ్లను రెండు డివిజన్లకూ వాడుకోవాలి కాబట్టి కింది డివిజన్ ఆఖరి రౌండు జనవరి 26 సెలవు రోజున, పై డివిజన్‌ది నెల ఆఖరి ఆదివారం పెడతాం. రెండూ ఒకే రోజు పడితే ఒకదాన్ని ముందు శనివారానికి జరుపుతాం. మూడు గ్రౌండ్లలో ముగ్గురు, ఒకే ఫోను కాల్‌లో ఉండి, 3 గంటలకు ఒకేసారి విజిల్ వేయిస్తారు. గోల్ పడ్డప్పుడల్లా కబురు పోతుంది. కబురును మైకులో చెప్పకండి, అవతలి స్కోరు వింటే ఆడేవాళ్ల కాళ్లు ఆగిపోతాయి. విరామంలో కెప్టెను అడిగితే చెప్పవచ్చు. చివరి విజిల్ దాకా ఆడనివ్వండి. 1999లో ఇంగ్లండులో కార్లైల్ జట్టు దిగిపోవడానికి క్షణాలే మిగిలి ఉన్నప్పుడు గోల్‌కీపరు జిమ్మీ గ్లాస్ ముందుకు పరుగెత్తుకొచ్చి కార్నర్‌లో గోల్ కొట్టి జట్టును నిలబెట్టాడు. రెఫరీ అరనిమిషం ముందే విజిల్ వేసి ఉంటే అది లేదు. అందుకే కలిపే నిమిషాలు ఎన్నో రెఫరీ చేతి వేళ్లతో అందరికీ చూపించాలి.

ప్లే-ఆఫ్ ఫిబ్రవరి మొదటి ఆదివారం, ఇద్దరిదీ కాని ఊళ్లో. సమానమైతే పదేసి నిమిషాల అదనపు ఆట, తర్వాత పెనాల్టీలు. బహుమతుల్లో పై డివిజన్ విజేతకు కప్పు ఇస్తాం, మేకపోతు మాత్రం కింది డివిజన్ విజేతకే. ఎక్కిన ఊరు ఆ రాత్రి విందు చేసుకోవాలి.

దిగిన టీమును ఆ వారమే కలవండి, ఫోనులో కాదు, ఊరికి వెళ్లి. టీము చెదిరిపోయేది ఆ పదిహేను రోజుల్లోనే. బాగా ఆడే ఇద్దరు పై డివిజన్ టీములకు వెళ్లిపోతామంటారు, కెప్టెను జెర్సీల సంచి ఇంట్లో పడేస్తాడు. ఇంగ్లండులో ల్యూటన్ జట్టుకు 2008–09లో 30 పాయింట్ల కోత పడి నాలుగో మెట్టు నుంచి కూడా కిందికి పోయింది. 2014లో తిరిగి లీగులోకి వచ్చింది, 2023లో ప్రీమియర్ లీగు దాకా ఎక్కింది. ఇది చెప్పండి. చెప్పడంతో ఆపకుండా ఒక రూలు కూడా పెట్టండి: దిగిన టీములోంచి ఒక ఏడాదిలో ఇద్దరికి మించి బయటికి వెళ్లకూడదు, వెళ్లేవాళ్లకు పాత కెప్టెను సంతకం ఉండాలి. పనికి వలస పోయేవాళ్లు, పెళ్లయి ఊరు మారినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ప్లే-ఆఫ్ అయిన సాయంత్రమే, చీకటి పడేలోపు, వచ్చే ఏటి రెండు డివిజన్ల పేర్లు రిజిస్టరులో కొత్త పేజీ మీద రాసి, అక్కడున్న కెప్టెన్ల చేత సంతకాలు పెట్టించండి. రానివాళ్ల దగ్గరికి మర్నాడు పేజీ తీసుకెళ్లండి. డిపాజిట్లు తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరికెంత ఇచ్చారో అదే పేజీ వెనక రాయండి. బంతులు, పంపు, కొలత తాడు ఎవరింట్లో ఉంటాయో కూడా అక్కడే రాయాలి, ఎండాకాలం దాటేసరికి ఎవరికీ గుర్తుండదు. ఆ పేజీ ఫొటో తీసి పన్నెండుగురికీ ఆ రాత్రే పంపేయండి.